చక్రాల ఇంట్లో సినిమా

పిల్లలూ! మీరు నత్తను చూశారు కదా? అది ఎక్కడికి పోయినా తన ఇంటిని వీపు మీద మోసుకుపోతుంది. మనిషి కూడా అలా వంటిల్లు, పడక, స్నానాలగది, చివరకు సినిమాహాలు కూడా వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగితే ఎలా ఉంటుంది? అలాటి ఇంట్లో నేను వారం రోజులు కాపరం చేశాను. ఆ ఇంట్లోనే ఒక పెద్ద తప్పు కూడా చేశాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, నా తప్పు దాచుకోవటం న్యాయం కాదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్ అనే ఊళ్ళో ఉంటారు. 2024 అక్టోబరులో నేను వాళ్ళ దగ్గర ఉన్నాను. మనవడికి పదేళ్ళు, మనవరాలికి నాలుగేళ్ళు. ఆ ఊళ్ళో రోడ్ల పక్కన కిటికీలు లేని పెద్ద పెద్ద కట్టడాలు కనిపిస్తాయి.

"ఇవన్నీ గోదాములా, బాబూ?" అని అల్లుణ్ణి అడిగాను.

"గోదాములే, మామయ్యగారూ. అయితే వీటిలో ఉండేది ధాన్యం కాదు, సమాచారం," అన్నాడతను.

వాటిని డేటా సెంటర్లు అంటారు. ప్రపంచంలో ఇన్ని డేటా సెంటర్లు ఒక్కచోట చేరిన ప్రాంతం మరొకటి లేదు. మీరు ఫోనులో చూసే బొమ్మలూ, పాటలూ ఇలాటి కట్టడాలలోని కంప్యూటర్లలో ఉంటాయి. మీరు అడిగినప్పుడు అవి తీగెల వెంటా, గాలిలో రేడియో తరంగాల మీదా మీ దగ్గరికి వస్తాయి.

పిల్లల బడికి సెలవులు రాగానే అల్లుడు ఒక బండిని అద్దెకు తెచ్చాడు. అమెరికాలో దీన్ని ఆర్.వి. అంటారు. చూడటానికి లారీ అంత ఉంటుంది. లోపల గ్యాసు పొయ్యి, మంచాలు, చిన్న స్నానాలగది, గోడకు ఒక టీవీ. మంచినీళ్ళకు ఒక తొట్టి, వాడిన నీళ్ళకు ఒక తొట్టి, మరుగుదొడ్డికి ఇంకొక తొట్టి. కరెంటుకు 12 వోల్టుల బాటరీలు. ఇంటి దగ్గర కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, మీట నొక్కితే దీపం వెలుగుతుంది. అవి ఎక్కణ్ణించి వస్తున్నవీ మనం ఆలోచించం. ఈ బండిలో అలా కాదు. ఉన్నది ఇంత అని లెక్క తెలుస్తూనే ఉంటుంది. నాలాటి లెక్కల మాస్టారికి ఇది మంచి పాఠశాల.

బయలుదేరగానే మనవడు బొమ్మల సినిమా పెట్టాడు. ఊరు దాటి కొండల వైపు తిరిగేసరికి బొమ్మ ఆగిపోయి, తెర మధ్య ఒక చక్రం గిరగిరా తిరగసాగింది.

"తాతయ్యా, ఇది ఎందుకు ఆగింది?" అన్నాడు వాడు.

నేను ఇలా చెప్పాను: "మా ఊళ్ళో కుళాయి రోజుకు గంటసేపే వస్తుంది. అయినా మీ అమ్మమ్మ రోజంతా నీళ్ళు వాడుతుంది. ఎలాగంటావు? వచ్చినప్పుడు గంగాళం నింపి పెట్టుకుంటుంది. మీ సినిమా కూడా అంతే. అది మొత్తంగా ఒక్కసారి రాదు. కొన్ని సెకండ్లకు సరిపడే చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. నీ యంత్రం నువ్వు చూస్తున్న ముక్క కాక, తరవాతి ముక్కలు కొన్ని ముందుగా గంగాళంలో నింపుకుంటుంది. దారిలో సంకేతం తగ్గితే ఆ నిలవ వాడుతుంది. నిలవ అయిపోయిందా, చక్రం తిరుగుతుంది!"

"మరి ఒక్కొక్కప్పుడు బొమ్మ మసకబారుతుందేం?"

"ధార సన్నగిల్లినప్పుడు పెద్ద చెంబుకు బదులు చిన్న గ్లాసు పట్టినట్టు. యంత్రం తనంతట తానే తక్కువ స్పష్టత ఉన్న చిన్న ముక్కలు అడిగి తెప్పించుకుంటుంది. ఆగిపోవటం కన్న మసక మేలు కదా!"

స్పష్టమైన బొమ్మకు గంటకు సుమారు 3 జీబీల డేటా కావాలి. మామూలు బొమ్మకు 1 జీబీ చాలు. అందుకే తెలివైన ప్రయాణీకులు ఇంటి దగ్గరే సినిమాలు దింపుకుని పెట్టుకుంటారు. సెల్ టవర్లు లేని చోట మరొక ఉపాయం ఉంది. పళ్ళెంలాటి యాంటెనా ఒకటి బయటపెడితే అది ఉపగ్రహంతో మాట్లాడుతుంది. పాతకాలపు ఉపగ్రహాలు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. సంకేతం పైకి 36,000, కిందికి 36,000, మొత్తం 72,000 కిలోమీటర్లు పోవాలి. అది సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక వైపు ప్రయాణానికి దాదాపు పావు సెకండు! మన ప్రశ్న పోయి జవాబు రావటానికి అర సెకండు. 2019 నుంచి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలను వేల సంఖ్యలో పంపుతున్నారు. అవి దగ్గర కాబట్టి జవాబు త్వరగా వస్తుంది. మా బండిలో ఉన్నది వీటితో మాట్లాడే పళ్ళెమే. అయితే దానికి ఆకాశం బాగా కనిపించాలి, చెట్లు అడ్డం రాగూడదు. కరెంటు కూడా అది బాగానే తాగుతుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి.

మేము షెనండోవా జాతీయ వనానికి పోయాము. ఇది 1935లో ఏర్పడింది. కొండల శిఖరాల వెంట 105 మైళ్ళ పొడవున ఒకే ఒక రోడ్డు. ఆకులన్నీ పసుపు, కుంకుమ కలిపి చల్లినట్టు ఉన్నాయి. మధ్యలో కొండను తొలిచిన సొరంగం ఒకటి వచ్చింది. దాని ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలే. అల్లుడు బండి ఆపి, పత్రాలు తీసి, మా బండి ఎత్తు 11 అడుగుల చిల్లర అని మరోసారి చూసుకున్నాడు. చక్రాల ఇంట్లో ఉండేవాళ్ళు తమ ఇంటి ఎత్తు బాగా గుర్తుంచుకోవాలి.

ఆ రాత్రి బిగ్ మెడోస్ అనే చోట దిగాము. అది సుమారు 3,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ బండ్లకు కరెంటు ఇవ్వరు. ఇతరులకు ఇబ్బంది లేకుండా జనరేటరు కూడా నిర్ణయించిన వేళల్లోనే నడపాలి. చలి బాగా ఉంది. మనవరాలికి జలుబు చేసి దగ్గుతున్నది. భోజనాలైనాక మనవడు సినిమా పెట్టబోతే నేను గట్టిగా, "ఒక్క గంట! ఆ తరవాత కట్టెయ్యాలి," అన్నాను. వాడు బుద్ధిగా గంట కాగానే కట్టేసి పడుకున్నాడు.

అందరూ నిద్రపోయారు. నాకు నిద్ర రాలేదు. కాసేపు చూద్దామని 1957 నాటి "మాయాబజార్" పెట్టాను. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. దాన్ని తెరిచి చూసినవాళ్ళకు తమకు ఇష్టమైనది కనిపిస్తుంది. అడవి మధ్య, కొండ మీద, ఏడు సముద్రాల అవతల నా ప్రియదర్శినిలో నా చిన్ననాటి సినిమా కనిపిస్తున్నది! ఆ సంతోషంలో ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. సినిమా అయిపోగానే తనంతట తానే మరొకటి మొదలైంది. అది కాగానే ఇంకొకటి. టీవీ, పళ్ళెం రెండూ బాటరీని తాగుతూనే ఉన్నాయి.

తెల్లవారు జామున మనవరాలి ఏడుపు విని లేచాను. లోపల చీకటి. గాలి మంచులా ఉంది. మా బండిలో వెచ్చదనం ఇచ్చే కొలిమి గ్యాసుతోనే మండుతుంది. కాని ఆ వేడిని ఇంట్లోకి తోసే పంకా బాటరీతో తిరుగుతుంది. బాటరీ అయిపోయింది, పంకా ఆగింది, కొలిమి ఆరింది. కుళాయి తిప్పితే నీళ్ళు కూడా లేవు. పంపుకు కావలసింది కూడా ఆ బాటరీయే! తొట్టి నిండా నీళ్ళుండీ పిల్ల గొంతు తడుపుకోవటానికి సీసాలో నీళ్ళు వెతకవలసి వచ్చింది.

"గ్యాసు పొయ్యి వెలిగిస్తే ఇల్లు వెచ్చబడదూ?" అన్నాను.

"వద్దు నాన్నా! మూసిన గదిలో అది విషవాయువు పుట్టిస్తుంది," అని అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పిల్లలూ, ఇది మీరూ మరవకండి. ఆ వాయువుకు రంగూ, వాసనా లేవు.

మనవడు మారుమాట లేకుండా తన దుప్పటి తీసి చెల్లెలి మీద కప్పాడు. బండి నడిపే ఇంజనుకు వేరే బాటరీ ఉంటుంది. ఆ వేళప్పుడు చప్పుడు చెయ్యగూడదని తెలిసినా అల్లుడు ఇంజను వేశాడు. అది నడుస్తుంటే ఇంటి బాటరీకి కూడా శక్తి ఎక్కుతుంది. పక్క బండిలోని ముసలాయన టార్చిలైటుతో వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. పిల్ల సంగతి విని, ఆయన ఒక ఉన్ని కంబళి తెచ్చి ఇచ్చాడు. కాసేపటికి పంకా తిరిగింది. పిల్ల ఏడుపు మాని నిద్రపోయింది.

తెల్లవారినాక ఆ ముసలాయనకు కంబళి తిరిగి ఇచ్చి, నిద్ర చెడగొట్టినందుకు క్షమాపణ చెప్పుకున్నాను. తరవాత మనవణ్ణి పిలిచి, "నీకు గంట అని చెప్పి నేను రాత్రంతా వాడాను. తప్పు నాది," అన్నాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, "పరవాలేదు తాతయ్యా. ఈసారి నీకు కూడా నేనే గంట కొడతాను," అన్నాడు.

ఆ రోజు పశ్చిమ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్‌కు పోయాము. ఎక్కడి ఆష్‌బర్న్, ఎక్కడి గ్రీన్ బ్యాంక్! ఈ ఊళ్ళో సెల్ ఫోను పలకదు. చుట్టూ సుమారు 34,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడో వంతు ప్రాంతాన్ని 1958లో "రేడియో నిశ్శబ్ద మండలం" చేశారు. కారణం అక్కడి దూరదర్శినులు. వాటిలో అన్నిటికన్న పెద్దదాని పళ్ళెం 100 మీటర్ల వెడల్పు, 110 మీటర్ల పొడవు. మొత్తం ఎత్తు 485 అడుగులు. అంత పెద్ద వస్తువు ఆకాశంలో ఏ వైపు కావాలంటే ఆ వైపుకు తిరుగుతుంది! 2000లో దాన్ని ప్రారంభించారు.

నక్షత్రాలు వెలుతురుతో బాటు రేడియో తరంగాలు కూడా పంపుతాయి. కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజనీరు 1930ల మొదట్లో పాలపుంత నుంచి వచ్చే ఇలాటి తరంగాలను కనిపెట్టాడు. అవి మన దగ్గరికి చేరేసరికి మహా బలహీనంగా ఉంటాయి. చెవి ఒగ్గి గుసగుస వింటున్నవాడి పక్కన డప్పు వాయిస్తే ఏమవుతుంది? ఫోను, వైఫై, మైక్రోవేవ్ పొయ్యి, అన్నీ అలాటి డప్పులే. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు కూడా రేడియో రొద చేస్తాయి. అందుకే దూరదర్శిని దగ్గరికి డీజిలు బండ్లలోనే తీసుకుపోతారు. డిజిటల్ కెమేరాలు కూడా అక్కడికి తేనివ్వరు. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఊళ్ళోనే, ఇంకొక చిన్న దూరదర్శినితో, ఇతర లోకాలవాళ్ళు ఎవరైనా సంకేతాలు పంపుతున్నారేమోనని విన్నాడు. ఏమీ వినిపించలేదు గాని, ఆ ప్రయత్నం ఇతరులు ఇప్పటికీ సాగిస్తున్నారు.

మన దేశంలో కూడా పూనా దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల పళ్ళేలు 30 కలిసి పని చేసే రేడియో దూరదర్శిని ఉంది. గోవింద్ స్వరూప్ గారి ఆధ్వర్యంలో అది తయారయింది.

ఆ రాత్రి గ్రీన్ బ్యాంక్ దగ్గర్లోనే బండి నిలిపాము. పళ్ళెం పెట్టెలోనే ఉంది, టీవీ మీట కట్టేసి ఉంది. కొలిమి పంకా మాత్రం మెల్లగా తిరుగుతున్నది. మనవరాలి దగ్గు తగ్గింది. కిటికీలోంచి చూస్తే పాలపుంత పిండి చల్లినట్టు కనిపించింది.

"తాతయ్యా! నిన్న రాత్రి నువ్వు చూసిన సినిమా కథ చెప్పు," అన్నాడు మనవడు.

నేను మొదలుపెట్టాను. ఘటోత్కచుడు వచ్చేసరికి మనవరాలు నిద్రపోయింది. మనవడు మాత్రం చివరిదాకా విన్నాడు. కథ అయినాక, మాట ప్రకారం, "తాతయ్యా, గంట దాటి పది నిమిషాలయింది," అన్నాడు.