ఫొటో లేదు

ఇవాళ తెల్లారకముందే విశాఖ బీచ్‌లో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని వదులుతున్నారంటే మా బుడ్డోణ్ణి లేపి తీసుకెళ్లా. ఒక్కోటీ అరచేతిలో సగం కూడా లేదు. ఒళ్లంతా ఇసకే. తెడ్లలాంటి కాళ్లతో ఈడ్చుకుంటూ పోతున్నాయి.

హేచరీ కాపలా ఆయన పాత జాలరి. మావాడు ఒకదాన్ని ఎత్తి నీళ్లలో వేయబోతే, "ఒగ్గీ నాన్నా, దాన్నే నడవనీ" అన్నాడు. గూటికి ఇంచుమించు 100 గుడ్లు, పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు, ఇసక వేడెక్కితే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి... పిల్లలు అడగడమే ఆలస్యం, చెబుతూనే ఉన్నాడు. "చిన్నప్పుడు ఈ గుడ్లే తవ్వుకు తినీవోళ్లం" అని కూడా చెప్పాడు, ఏమీ దాచుకోకుండా. అందుకే కాబోలు, గూడు ఎక్కడుంటుందో ఆయనకి అంత బాగా తెలుసు!

ఇంతలో ఎవరిదో ఫోన్ ఫ్లాష్ వెలిగింది. వెలుతురు ఎటుంటే అటే వాటి దారి. రెండు పిల్లలు సముద్రం వదిలేసి రోడ్డు వైపు మళ్లాయి.

"నాన్నా, లైటాపు!" మావాడు అందరి ముందూ గదమాయించాడు.

ఆపేశాను.