సకినాలు తిన్నరా?

కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా పెద్దవయసు వాళ్లను 'మీ పండ్లు ఎట్లున్నయి?' అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: 'మంచిగనే ఉన్నయి సారూ, నొప్పేం లేదు.' నొప్పి లేకుంటే రోగం లేనట్టే అని మన దగ్గర లెక్క. అందుకే నేను ఇంకో ప్రశ్న అడుగుతాను: 'మొన్న సంక్రాంతికి సకినాలు తిన్నరా?'

ఎల్లారెడ్డి దిక్కు నుంచి వచ్చిన ఒక బీడీ కార్మికురాలు 'ఇంతవరకు ఒక్క పన్ను పీకించుకోలె' అని గర్వంగా చెప్పింది. నిజమే, పళ్లన్నీ ఉన్నాయి. కానీ అద్దం పిడితో తాకితే కింది ముందుపళ్లు ఊగుతున్నాయి. పంటికీ చిగురుకూ మధ్య కొలిచే పుల్ల 3 మిల్లీమీటర్ల దాకా దిగితే ఫరవాలేదు. ఆమెకు కొన్నిచోట్ల 7 దాకా దిగింది. షుగర్ ఉంది, అదుపులో లేదు. సకినాల మాట ఎత్తితే 'చాయ్‌ల నానేసుకొని తిన్న' అంది. జామకాయ కొరకడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. జొన్నరొట్టె పప్పులో మెత్తబడితేనే తింటుంది. ఒక్కొక్కటే మెల్లగా వదులుకుంటూ వచ్చింది కాబట్టి అది లోటని ఆమెకు తోచలేదు. వయసు మీద పడితే ఇంతే అనుకుంది.

బీడీ చుట్టేవాళ్ల సంగతి ఇలా ఉంటే, తాగేవాళ్లది ఇంకో రకం. నికోటిన్ చిగుళ్లలో రక్తనాళాలను కుదిస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా, తోముకునేటప్పుడు రక్తం అంతగా కనబడదు. దాంతో 'నా చిగుర్లు గట్టియి' అని ధీమాగా ఉంటారు. నాకు అన్నింటికన్నా భయం వేసేది ఈ ధీమాను చూసే.

ఆ బీడీ కార్మికురాలికి పూర్తిగా ఎదురు, నిజాంసాగర్ దగ్గరి ఊరి రైతు ఒకాయన. దవడపళ్లు చాలావరకు పోయాయి. మిగిలినవి గట్టిగా ఉన్నాయి. పైదీ కిందిదీ సరిగ్గా కలుస్తున్నాయి. మక్కకంకి కూడా తింటానన్నాడు. తన నోరు బాగుందన్న ఆయన మాటను నేను కాదనలేదు. జపాన్‌లో 1989 నుంచి '8020' అని ప్రచారం చేస్తున్నారు. 80 ఏళ్లకు 20 పళ్లు మిగలాలని దాని లక్ష్యం. మంచి లక్ష్యమే. అయితే ఎన్ని మిగిలాయన్నదాని కంటే, మిగిలినవి ఎట్లా ఉన్నాయి, నమలడానికి ఒకదానికొకటి అందుతున్నాయా అన్నదే మనిషి తిండినీ తృప్తినీ నిర్ణయిస్తుందని నా నమ్మకం.

ఎక్కువ బాధపడేది నాలుగైదు పుచ్చుపళ్లు మాత్రమే మిగిలినవాళ్లు. కామారెడ్డిలో ఒక అవ్వకు అట్లాంటివి తీసేసి కట్టుడుపళ్లు పెట్టాను. 'పీడ పోయింది బిడ్డా' అంది. ఆ మాట ఊళ్లో పాకడమే నాకు దిగులు. కింది కట్టుడుపళ్లు ఎంత బాగా చేసినా కదులుతాయి. సొంత పళ్లతో కొరికినంత బలంగా వాటితో కొరకలేరు. ఇతర దారి లేనప్పుడే అవి.

అవ్వ వెంట వచ్చిన కోడలు తన చిగుళ్ల నుంచి రక్తం వస్తోందనీ, తనవి కూడా అన్నీ తీసేయమనీ అడిగింది. చూస్తే గార పట్టింది, అంతే. పళ్లు ఒక్కటీ కదలడం లేదు. అద్దం చేతికిచ్చి గార ఎక్కడుందో, పన్ను ఎక్కడుందో చూపించాను. మొదట నమ్మలేదు. ఆ రోజు కింది వరుస మాత్రం శుభ్రం చేయించుకుంది. పదిహేను రోజులకు పైవరుస కోసం తనే వచ్చింది.