మానుకోట అంగడిలో సొర తునకలు

మానుకోట అంగడిలో ఎండు చేపల వరుస ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేకపోయేది, ముక్కే దారి చూపేది. బెజవాడ దిక్కునుంచి రైల్లో దిగిన గంపలు విప్పితే ఎండు రొయ్యలు, సావళ్లు, ఓ మూలన పాత చెప్పు తోలులా బిగిసిన సొర తునకలు. నాయనమ్మ ఒకటి విరిచి చూసి, బేరమాడి, కొంగున కట్టుకునేది. ఇంట్లో బాలింత ఉంటే సొర తప్పదు, పాలు పడతాయని నమ్మకం. వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, చింతపులుసులో వేసేది. అయినా ఘాటు పోయేది కాదు. సొర కండలో యూరియా ఉంటుందనీ, చచ్చాక అది అమ్మోనియా అవుతుందనీ చాలా ఏళ్లకు చదివాను. మాకు యూరియా అంటే వరికి చల్లేదే మరి!

ఇప్పుడా తునకలు మా అంగడికి రావడం లేదు.

జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాలు మూడింటికీ సముద్రం లేదు. సొరలతో చుట్టరికం మాత్రం పాతదే. భూపాలపల్లి బొగ్గున్న ప్రాణహిత-గోదావరి లోయలోనే, ఎగువన మలేరి రాతిపొరల్లో మంచినీటి సొరల పళ్లు దొరికాయి. 20 కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటిని ఏ వలా పట్టలేదు.

ఇప్పటి సొరల సంగతి వేరు. మా చెరువులో బొచ్చె లక్షల గుడ్లు పెడుతుంది, పాల సొర అయిదారు పిల్లల్ని కంటే గొప్ప. కొమ్ము సొర ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది. ఇది తెలియకుండానే ట్రాలర్లు సముద్రాన్ని ఊడ్చాయి. నడిసంద్రపు సొరలు, టేకులు 1970 నుంచి 71 శాతం తగ్గాయని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం రొయ్యకు మేలేమో గానీ, సొరకు చాలదు.

మనదేశం 2001లో వేల్ షార్కును పులితో సమానంగా చట్టంలో చేర్చింది, 2015లో సొర రెక్కల ఎగుమతి ఆపింది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి చేరిన వేల్ షార్కును అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి మళ్లీ నీళ్లలోకి పంపారు. చట్టం కన్నా ఆ చేతుల మీదే నాకు నమ్మకం.

విశాఖకో కాకినాడకో పోయి సొర పిట్టు అడిగే మనవాళ్లు చాలామందే. తినే ముందు అది ఏ సొరో, ఎంత సైజుదో అడగండి. పిల్ల సొరైతే వద్దనండి.