మనుమరాలి తప్పు

ప్రియ చదువరీ, నీ యింటిలో నాలుగేండ్ల బిడ్డ యున్నదా? ఉన్నయెడల ఆ బిడ్డ పలుకులోని తప్పులను గద్దింపకుము. నేను గద్దించి నేర్చుకొనిన సంగతిని నీకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన వర్షాకాలమున మా మనుమరాలు దొడ్డిలోనుండి పరుగెత్తి వచ్చి, "తాతా, నా కాలులు మట్టయ్యాయి" అనెను. నేను ఆదివారపు ప్రసంగము వ్రాసికొనుచుంటిని. "కాలులు కాదు, కాళ్ళు! ఏదీ, మళ్ళీ చెప్పు" అంటిని. ఆమె మెల్లగా "కాలులు" అనెను. మూడు మారులు చెప్పించితిని. మూడవసారి ఆమె పెదవులు వణకెను. ఆ తరువాత నాలుగైదు దినములు ఆ బిడ్డ తన కబుర్లన్నియు అమ్మమ్మకే చెప్పెను గాని నా గదిలోనికి రాలేదు. రెండేండ్లప్పుడు చక్కగా "కాళ్ళు" అనిన పిల్ల యిప్పుడు వెనుకకు పోవుచున్నదేమని నాకు చింత కలిగెను.

మా కుమార్తె ఉపాధ్యాయిని. "నాన్నగారూ, అది వెనక్కి పోవడం కాదండీ, ముందుకు రావడమే" అని చెప్పి, పిల్లల భాషనుగూర్చిన పరిశోధనలను నాచేత చదివించెను.

1958వ సంవత్సరమున అమెరికాలో జీన్ బెర్కో అను పండితురాలు ఒక పరిశోధనను ప్రకటించెను. ఆమె చిన్నపిల్లలకు పిట్టవంటి యొక వింత ప్రాణి బొమ్మను చూపి, ఇది "వగ్" అని చెప్పెను. పిమ్మట అట్టివి రెండు చూపి, వీటినేమందురని అడిగెను. ఆ పేరు ఆమె కల్పించినదే గనుక ఏ బిడ్డయు దానిని అంతకుముందు వినలేదు. అయినను నాలుగైదేండ్లవారిలో నూటికి 76 మంది, ఒకటవ తరగతివారిలో 97 మంది "వగ్‌జ్" అని సరిగా బహువచనము చేసిరి. ఎన్నడును వినని మాటను ఎట్లు పలికిరి? తమకు తెలియకయే భాషలోని సూత్రమును పట్టుకొనియుండిరి.

ఇంగ్లీషు పిల్లలు మొదట "కేమ్" అని సరిగా అందురు. తరువాత కొంతకాలము "కమ్‌డ్" అందురు. మరల "కేమ్" అనుటకే వచ్చెదరు. మొదట విన్నదానిని విన్నట్లు పలుకుదురు. సూత్రము దొరకగానే దానిని అన్నిటికిని తగిలింతురు. పిమ్మట మినహాయింపులు నేర్తురు. మా బిడ్డయు నంతే. ఆవు, ఆవులు, చేప, చేపలు, కాలు, కాలులు! మా యింట ఎవరును ఆ మాట అనలేదు. అది ఆమె స్వంత సంపాదన. నేనైతే సెమినరీలో గ్రీకు వ్యాకరణమును పట్టికలు పట్టికలుగా వల్లించియు, నేటికిని నిఘంటువు లేక ఒక్క అధ్యాయము చదువలేను.

మరియొక సంగతి నన్ను ఎక్కువ సిగ్గుపరచెను. 1962 మొదలుకొని హార్వర్డులో రోజర్ బ్రౌన్ అను పండితుడు ముగ్గురు పిల్లల మాటలను ఇండ్లలో రికార్డు చేయించెను. ఆ తల్లులు బిడ్డ చెప్పినది నిజమా కాదా అని చూచిరే గాని, వ్యాకరణమునుబట్టి మెచ్చుకొనుట గాని కాదనుట గాని లేదని బ్రౌను, హాన్లను అనువారు 1970లో వ్రాసిరి. అయితే పెద్దలు ఊరక విడిచిపెట్టుదురని కాదు. బిడ్డ తప్పు పలికినప్పుడు వారు తరచుగా ఆ భావమునే సరియైన మాటలలో తిరిగి పలుకుదురని 2003లో ఈవ్ క్లార్కును ఆమె సహపరిశోధకురాలును చూపిరి. గద్దింపు లేదు, సంభాషణ తెగదు, బిడ్డ సరియైన మాటను వినును.

మా బిడ్డ కాళ్ళు మట్టియైనది నిజము. ఆమె చెప్పవచ్చినది అదియే. నేను ఆమె మాటను చూచితిని గాని కాళ్ళను చూడలేదు. కాళ్ళు కడుగుటనుగూర్చి సంఘమునకు ఎన్ని ప్రసంగములు చేసితినో!

మరల వాన కురిసిన దినమున ఆమె గుమ్మమునొద్ద నిలిచి అమ్మమ్మను పిలుచుచుండెను. నేనే చెంబుతో నీళ్ళు తీసికొని పోయి, "అమ్మడూ, కాళ్ళు మట్టయ్యాయా? రా, కాళ్ళు కడుగుతాను" అంటిని. ఆమె నా ముఖమువైపు కొంతసేపు చూచి, "అవును తాతా, రెండు కాలులూ" అనెను. నేను నవ్వి రెండు కాళ్ళను కడిగితిని.

చదువరీ, "కాళ్ళు" అను మాట దాని కాలమున అదియే వచ్చును. నీ బిడ్డ నేడు నీతో ఏమి చెప్పవచ్చినదో ముందు దానిని వినుము.