తంబుచెట్టి వీధి పొరుగు

మేము చెన్నపట్టణమును విడిచి బెజవాడ చేరి యించుమించు ముప్పది యేండ్లయినది. ఇప్పటికిని ఆదివారము ప్రొద్దుట మా చెవులు గంటలకొఱకు వేచియుండును. జార్జిటౌనులో తంబుచెట్టి వీధి ప్రక్కసందున మా కాపురము. దానికి ఆవలిది ఆర్మీనియను వీధి. అందలి ఆర్మీనియనుల చర్చి 1772లో కట్టబడినది. కట్టినవారి సంతతి పట్టణమున దాదాపు మిగులకపోయినను గంటలు మాత్రము మ్రోగుచునే యుండెడివి. ఆ వీధిలోనే కచ్చాలీశ్వరుని కోవెలయు, పునీత అంతోనివారి గుడియును గలవు. మంగళవారములందు అంతోనివారి కడ క్రొవ్వొత్తులు వెలిగించువారిలో బొట్టు పెట్టుకొన్న స్త్రీలనేకులుండిరి. మా అవ్వయు ఒకటి రెండు పర్యాయములు పోయినది. ఏల పోయితివని యడిగినచో, "పిల్లవాడి జ్వరానికి మతమేమిట్రా?" అనెడిది.

మా యిల్లనగా ఒకే వాకిలి, నడుమ ముంగిలి, చుట్టును ఆరు వాటాలు. ఒకదానిలో మొదలియారుగారు; ఇంకొకదానిలో గుజరాతీ గుమాస్తా కుటుంబము. మా పిల్లలు ఒకటి, రెండు నేర్వకమునుపే వారి పిల్లలతోడ ఏక్, బే, త్రణ్ నేర్చిరి. 1964 ప్రాంతమున బర్మానుండి కట్టుబట్టలతో తరలివచ్చిన శ్రీకాకుళపు వితంతువొకతె సాయంకాలములందు సముద్రపుటొడ్డు వీధిలో అత్తో యను బర్మా నూడుల్సు అమ్ముకొని జీవించుచుండెను. ఆమె తెనుగు మాకు వింత, మా తెనుగు ఆమెకు వింత. ఆంధ్రపత్రిక కార్యాలయ మొకప్పుడు మా వీధిలోనే యుండెడిదని మా తాతగారు గర్వముతో చెప్పెడివారు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు పట్టణము పోయెనని యేడ్చినవారిలో ఆయన యొకరు. నిజమునకు పోయినదేదియు లేదు. పట్టణ మక్కడనే యుండెను, ఆయనయు నక్కడనే యుండిరి.

మా యెదుటి వాటాలో మణ్ణడిలో ఇనుపసామానుల దుకాణము గల తమిళ ముస్లిము కుటుంబ ముండెను. ఆ యింటి ఇల్లాలు మా అవ్వను పెరియమ్మా యని పిలిచెడిది. రంజానునాడు వారింటనుండి మాకు పళ్లెము వచ్చెడిది. అందులో వండని సేమియా, పంచదార, జీడిపప్పు. వండినది మేము తినమని వారెఱుగుదురు. ఆ పళ్లెమును చూచి, ఎంత మర్యాద తెలిసినవారని మేము మెచ్చుకొనెడివారము. పాయసము తమ చేత వండి మాచేత తినిపింపవలెనని ఆ యిల్లాలికి ఎన్నిసారులు తోచెనో, ఎన్నిసారులు ఆ కోరికను అణచుకొనెనో యన్న తలంపు మాకు రాలేదు. అంతోనివారికి క్రొవ్వొత్తి వెలిగించిన మా అవ్వయే ఎదుటి వాటావారు ముట్టిన బిందెను మరల తోమించెడిది. మేమును చదువుకొన్నవారమై యుండియు ఊరకుంటిమి. పెద్దావిడ గదా యని సరిపుచ్చుకొనుట మాకు సులభమైయుండెను.

1983లో పట్టణమునకు నీటి కఱవు వచ్చినది. కొళాయిలు ఎండిపోయినవి. లారీ ఎప్పుడు వచ్చునో తెలియక బిందెలు పగలనక రాత్రనక సందు పొడవునను వరుస తీరియుండెడివి. ఒక రాత్రి మేమందఱము అలసి నిద్రించితిమి. లారీ వచ్చి పోయినది. తెల్లవారి తలుపు తీయగా మా బిందెలు మూడును నిండి గడపకడ నున్నవి. నాలుగవది మాది కాదు. దానిమీద తమిళాక్షరములతో ఎదుటివారి పేరు చెక్కబడియున్నది. ఆ యిల్లాలు తమ నీటిలోనే ఒక బిందె మాకు మిగిల్చినది.

అవ్వ గడపకడ కొంతసేపు నిలిచినది. మేమేమియు పలుకలేదు. తరువాత ఆమె తమిళాక్షరముల బిందెనే మొదట ఎత్తి వంటయింటిలో దింపి, కోడలితో, "బియ్యం కడుగవే, పొద్దెక్కుతోంది" అన్నది. ఆ యేటి రంజానుకు పాయసము వండియే వచ్చినది. అవ్వ త్రాగలేదు, మమ్ములను వలదనలేదు. ఆ బిందెను తిరిగి యీయబోగా, ఉంచుకొండని వారు మరల పంపివేసిరి.

మా జీవనము కొత్వాల్ చావడి కూరగాయల మండీ పద్దులమీద నడుచుచుండెను. 1996లో మండీ కోయంబేడుకు తరలినది. అప్పటికి పెద్దవానికి బెజవాడలో ఉద్యోగమైనది గావున మేమిట్లు వచ్చితిమి. శ్రీశైలమునుండి కండలేరు మీదుగా కృష్ణాజలము పట్టణమునకై పూండి జలాశయమును చేరినదియు ఆ యేడే. నీరటు, మేమిటు.

ఇక్కడ మాకు సొంత యిల్లున్నది. మా కాలనీలో అందఱును మావంటివారే. ఒకే పండుగలు, ఒకే వంటలు. చెన్నపట్టణపు ముచ్చట్లు చెప్పి వచ్చినవారిని మురిపించుట మా యలవాటు.

నిరుడు మా మేడమీది వాటా ఖాళీ అయినది. ఒక ఉపాధ్యాయురాలు అద్దెకు అడుగవచ్చినది. నెమ్మదిగల మనిషి, గదులన్నియు చూచి, కిటికీనుండి వేపచెట్టు కనబడుచున్నదని సంతోషించినది. పేరడిగితిమి, చెప్పినది. బంధువులు వచ్చెదరనుకొనుచున్నామని మేమంటిమి. బంధువులెవ్వరును రానున్నవారు లేరు. ఆ మాట మా నోట ఎంత తడుముకొనక వచ్చినదో తలచిన ఇప్పటికిని ఆశ్చర్యమగుచున్నది. ఆమె, "పర్వాలేదండీ" అని చెప్పులు తొడుగుకొని వెడలిపోయినది. ఇట్టి జవాబు ఆమెకు క్రొత్త కానట్లు తోచినది.

తమిళాక్షరముల బిందె మా పెరటిలో నున్నది. మొన్న దానికి క్రొత్తగా కళాయి వేయించితిమి. మేడమీది వాటా ఇప్పటికిని ఖాళీయే. ఆమె ఏ బడిలో పనిచేయుచున్నదో నాడు మేమడుగలేదు, ఫోను సంఖ్యయు వ్రాసికొనలేదు.