తాలు ఏరలేని రోజులు

శివరాత్రి వెళ్లిన వారం. పర్చూరు అవతల మిరపకోతకు పోయి, పొద్దుగూకి ట్రాక్టరు ట్రక్కులో తిరిగొస్తున్నాం. డొంకలో గుంట తగిలి ట్రక్కు ఎగిరింది. అంచున కూర్చున్నదాన్ని, వెనక్కి పడ్డాను. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాను. స్కానింగులో రక్తం గడ్డ ఏమీ లేదన్నారు. ఆరు కుట్లేసి నాలుగో రోజు ఇంటికి పంపారు.

అన్నానికి కూర్చుంటే పప్పుగిన్నెలు రెండు కనిపించాయి. ఒకటి కింద, దానిపైన కాస్త ఒరిగి ఇంకోటి. నీరసమనుకున్నాను. మెట్టు దిగబోతే మెట్లూ రెండే. ఏది నిజమో తెలీక గోడ పట్టుకుని నిలబడిపోయాను. కల్లంలో తాలుకాయలు ఏరబోతే చెయ్యి వేసినచోట కాయ లేదు. ఎదురుగా చూస్తే అంత ఇబ్బంది లేదు, కిందికి చూస్తేనే. కోతైనా, ఏరుడైనా మా పనంతా కిందికి చూసేదే.

తల ఎడమ భుజం మీదికి వాలిస్తే రెండూ ఒకటయ్యేవి. తెలీకుండానే అలా తిరుగుతుంటే మెడ పట్టిందన్నారు, దిష్టన్నారు. మా అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. కుట్లు మానాక కూడా ఏం జబ్బని అడిగేవాళ్లకు ఏం చూపించను? రాత్రిళ్లు ఏడ్చేదాన్ని.

గుంటూరులో కంటి డాక్టరమ్మ ఒక్కో కన్నూ మూయించింది. ఏ కన్ను మూసినా ఒక్కటే కనిపించింది. తల కుడివైపు వాల్చమంటే రెండు బొమ్మలూ ఇంకా దూరమయ్యాయి. "చూపు బాగానే ఉందమ్మా, కుడికంటిని కిందికి దించే నరం దెబ్బతింది" అంది. తలలోంచి వచ్చే 12 జతల నరాల్లో నాలుగోదట, అన్నిటికన్నా సన్ననిదట. మెదడు వెనకనుంచి చుట్టు తిరిగి రావాలి గనక తల అదిరితే నలుగుతుందట, స్కానింగులో కనపడకపోవచ్చట. నాది భ్రమ కాదని చెప్పిన మొదటి మనిషి ఆమే.

ఆపరేషనుకు తొందరొద్దు, ఆరునెలలు చూద్దామంది. రెండు బొమ్మల్నీ ఒకటిగా కలిపేందుకు కళ్లద్దానికి ప్రిజం అతికించి ఇచ్చింది. వినాయకచవితికి ఉండ్రాళ్లు చుట్టి లెక్కపెట్టాను. 21. మా అమ్మాయి లెక్కకూ అంతే వచ్చాయి. బాగా అలిసిన సాయంత్రాలు ఇప్పటికీ మెట్టు చెదురుతుంది.

తలకు దెబ్బ తగిలాక ఒకటి రెండుగా కనపడితే నీరసమని ఊరుకోకండి. ఒక కన్ను మూసి చూసుకోండి, ఏం కనిపించిందో అలాగే డాక్టరుకు చెప్పండి. నేను చెప్పలేక నెల పోగొట్టుకున్నాను.