పేర్లు పోయిన ఫైళ్లు

తప్పెటగుళ్ల కేసెట్లు మా ఇంట్లో నలభై రెండున్నాయి. టెక్కలి నుంచి చీపురుపల్లి దాకా ఎక్కడ జాతరైనా నాన్న టేప్‌రికార్డర్ సంచిలో వేసుకుని బయల్దేరేవాడు. ఆటగాళ్లు గుండెల మీద తప్పెట కొడుతూ ఎగురుతుంటే, మైకు పట్టుకుని వాళ్ల గజ్జెల పక్కనే నిలబడేవాడట.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి కప్పు కారి కేసెట్ల పెట్టె తడిసింది. నాన్న అప్పటికే లేడు. నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టేసరికి చాలావాటికి బూజు పట్టింది. కొన్ని ఒక్కసారి పాడి, రెండోసారికి తెగిపోయాయి. వాటికి ఇక మిగిలింది ఫైలే.

తొంభై నిమిషాల కేసెట్‌ని కుదించకుండా దాస్తే దాదాపు 950 ఎంబీ. మొత్తం 40 జీబీ. ఒక్క డిస్కునే నమ్ముకోకూడదని రెండోది కొని, అదే కంప్యూటర్లో బిగించాను. ఆ రాత్రి ఊళ్ల పేర్లతో ఫోల్డర్లు కట్టి ఫైళ్లని సర్దుతూ, ఇంకోపక్క కాపీ పెట్టాను. పది నిమిషాలకి అంతా బిగుసుకుపోయింది. మళ్లీ ఆన్ చేసి మళ్లీ కాపీ పెట్టాను. ఈసారి డిస్కు రీడ్ ఓన్లీ అయిపోయింది. చదవనిస్తుంది, రాయనివ్వదు. మామూలు పనికి ఏ ఇబ్బందీ లేదు. బరువు పెడితేనే పడిపోతోంది.

అమ్మ గుమ్మంలోంచి అడిగింది. "నాన్న గొంతు ఉందేటి, పోనాదేటి?"

"ఉంటాదిలేవే" అన్నాను. ఆ కంగారులోనే చెయ్యకూడని పని చేశాను. ఫైల్ సిస్టమ్‌ని బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే ఉంది కదా, దాన్ని నడిపి, అది అడిగే ప్రతి ప్రశ్నకీ ముందే అవునని చెప్పేశాను. పొద్దున్న చూస్తే ముప్ఫై ఒక్క ఫైళ్లు లాస్ట్ అండ్ ఫౌండ్ అనే ఫోల్డర్లో పడున్నాయి. ఊరూ లేదు, పేరూ లేదు. ఉత్త నంబర్లు.

నేను తిట్టుకున్నది ఫైల్ సిస్టమ్‌ని. నిజానికి తప్పు చెయ్యనిది అదొక్కటే. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 ఏ మార్పు చేసేముందైనా జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసుకుని లేస్తుంది. కాకపోతే మామూలుగా ఆ చిట్టాలోకెక్కేది ఫైళ్ల పేర్లు, చిరునామాల లెక్కే, లోపలి పాట కాదు. పైగా కింద డిస్కు "రాసేశాను" అని చెప్పి, రాయకుండానే పడిపోతే ఆ లెక్కకీ దిక్కు లేదు. అప్పుడు ఇంకా చెడగొట్టకుండా రాయడం ఆపేస్తుంది. నేను జబ్బు అనుకున్న రీడ్ ఓన్లీ, ఆ జాగ్రత్తే.

రాత్రంతా మెమరీ పరీక్ష పెట్టాను, తప్పు దొరకలేదు. డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ లెక్కలు తీశాను. పాడైన సెక్టార్లు సున్నా. కానీ ఎన్నిసార్లు ఆన్ అయ్యిందన్న అంకె మరీ ఎక్కువగా కనిపించింది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, ఆ అంకె కాగితం మీద రాసుకుని, అరగంట ఆపకుండా డిస్కుని చదివించాను. కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు. అంకె మాత్రం రెండు పెరిగింది. డిస్కుకి కరెంటు తెగి వస్తోంది. మూత విప్పితే రెండు డిస్కులకీ కరెంటు పంచడానికి నేనే చవగ్గా కొని పెట్టిన వైరు, దాని ప్లగ్గులో ఒక పిన్ను నల్లగా కమిలి ఉంది. రెండు డిస్కులూ ఒక్కసారి కష్టపడితే అది తట్టుకోలేకపోయింది.

వైరు మార్చాక చెయ్యాల్సిన పని ఆలస్యంగా చేశాను. డీడీరెస్క్యూతో డిస్కు మొత్తానికి నకలు తీసి, మిగతా మరమ్మత్తంతా నకలు మీదే. ఆ వరస మొదటి రాత్రి పాటించి ఉంటే పేర్లు పోయేవి కావేమో.

శ్రీకాకుళంలో 1997లో కారా మాస్టారు కథానిలయం పెట్టినప్పుడు కథలు పోగెయ్యడంతో సరిపెట్టలేదు. ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడొచ్చిందో ఆ వివరం కూడా దాచారు. చిన్నప్పుడు అది గుమాస్తా పనిలా అనిపించేది. ముప్ఫై ఒక్క నంబర్ల ముందు కూర్చున్నాక అర్థమైంది.

ఒక్కొక్కటీ విన్నాం, నేనూ అమ్మా. చాలావాటిలో ఆట మొదలవకముందే నాన్న గొంతు సవరించుకుని ఊరు, తేదీ చెబుతాడు. అదేం అలవాటోనని మేం నవ్వుకునేవాళ్లం. ఆయన చెప్పనివి కొన్ని పాటగాడి గొంతుని బట్టి అమ్మ పోల్చింది. ఒకదాంట్లో పాట సగంలోనే తెగి, ఆ తరవాత అంతా నిశ్శబ్దం. "తిప్పకు, ఉండనీ" అంది.

ఇరవై ఎనిమిదింటికి పేర్లు దొరికాయి. మూడింటికి ఇంకా నంబర్లే.